పులుసు తిని చేయి కడుక్కున్న మామయ్య

ఈసారి ఉత్తరం నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. అల్లూరు, విడవలూరు వైపు సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊరి ఆడబిడ్డ రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. తొమ్మిది పేజీల ఉత్తరం కాబట్టి కుదించి చెబుతాను.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్లుగా ఒక నవల రాస్తున్నారు. అందులో ఉన్నది వాళ్ల ఇంటి కథే. 1990లలో అందరిలాగే వాళ్ల నాన్న కూడా మాగాణి పక్కన రొయ్యల గుంటలు తవ్వించాడు. 1994 చివర్లో తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు వచ్చి టైగర్ రొయ్య మొత్తం చచ్చిపోయింది. సొంత డబ్బు అక్కడితో అయిపోయింది. 1995లో వాళ్ల అమ్మ సొంత తమ్ముడి దగ్గర మూడు రూపాయల వడ్డీకి లక్షా ఎనభై వేలు నోటు రాసి తెచ్చి, నాన్న మళ్లీ గుంటల్లో రొయ్య పిల్ల వదిలాడు. అదీ పోయింది. 1998లో నోటు తిరగరాశారు. 2001లో రెండున్నర ఎకరాల మాగాణి మామయ్య పేరున రిజిస్టర్ అయింది. నాన్న ఆ తర్వాత వేరేవాళ్ల గుంటలకు కాపలా పనికి వెళ్లాడు. ఇప్పుడాయన లేడు.

అదే మామయ్య ఆమె డిగ్రీ ఫీజులు కట్టాడు. పెళ్లిలో గంపలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకొచ్చిందీ ఆయనే. అమ్మ ఇప్పటికీ సంక్రాంతికి తమ్ముడింటికే వెళ్తుంది. మామయ్య ఇప్పుడు వెనామీ రకం రొయ్య పెంచుతున్నాడు, బాగానే ఉన్నాడు.

నవలలో విలన్ ఈయనే. చదివిన స్నేహితులు ‘సినిమా విలన్‌లా ఉన్నాడు, కాస్త మనిషిని చెయ్యి’ అన్నారట. ‘చేయబోతే చేయి ఆడటం లేదు సార్. మంచిగా రాస్తే నాన్నకు ద్రోహం చేసినట్టుంది. చెడ్డగా రాస్తే నాకే అబద్ధంలా ఉంది. రేపు అచ్చయితే అమ్మ చదువుతుందన్న టెన్షన్ ఒకటి. మానేయమంటారా?’ అని అడిగారు. నవలలోంచి ముప్పై అయిదు పేజీలు కూడా పంపారు.

అమ్మా,

పేజీలన్నీ చదివాను. ఉత్తరం రెండుసార్లు చదివాను. మొహమాటం లేకుండా చెప్పాలంటే, మీ నవల కంటే ఉత్తరమే బాగుంది. అలా ఎందుకనిపించిందో చెబితే మీ చిక్కు సగం విడిపోతుంది.

నవలలో మీ విలన్ మొదటిసారి ఎలా వస్తాడు? బొలెరో దిగుతాడు. మీసం మీద చేయి వేస్తాడు. వెనక నలుగురు మనుషులు. ‘నా డబ్బు ఎగ్గొట్టి ఈ ఊళ్లో ఎలా బతుకుతావో చూస్తా’ అంటాడు. కథ నడుస్తున్నది 1998లో, బొలెరో మార్కెట్లోకి వచ్చింది 2000లో. దిద్దుకుంటే పోయే తప్పే అది. కానీ ఆ బండి మీ ఊరి దారిలో వచ్చింది కాదని, సినిమా హాల్లోంచి వచ్చిందని అదే పట్టిస్తోంది.

ఇక ఉత్తరం. ఆరో పేజీలో, అమ్మ గురించి చెబుతూ మధ్యలో నాలుగు ముక్కలు రాశారు. మీ మాటల్లోనే: ‘నోటు తిరగరాసిన రోజు మామయ్య మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. అమ్మ చేపల పులుసు చేసింది. తల ముక్క తన కంచంలో వేస్తుంటే పాపకి పెట్టక్కా అన్నాడు. తిని, చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, బావా ఆ కాగితం ఒకసారి పట్టుకురా అన్నాడు.’

నేను అక్కడే ఆగిపోయాను. మీరు మాత్రం ఆగకుండా మళ్లీ అమ్మ మోకాళ్ల నొప్పుల్లోకి వెళ్లిపోయారు.

ఆ కాగితం మీద ఏముందో ఎప్పుడైనా లెక్క కట్టారా? లక్షా ఎనభై వేలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 5,400. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, ఇక దాని మీద కోర్టుకు వెళ్లలేరు, అందుకే గడువు లోపల తిరగరాయించుకుంటారు. మధ్యలో మీ నాన్న ఏమీ కట్టలేదనుకుంటే మూడేళ్ల వడ్డీ 1,94,400. అసలుతో కలిపి 3,74,400. కొత్త నోటులో ఇదంతా అసలే. అంటే మర్నాటి నుంచి వడ్డీ నెలకు 11,232. మీ నాన్న చేతికి కొత్తగా ఒక్క రూపాయి రాలేదు. కంచం ముందు కూర్చుని లేచేలోగా నెలవడ్డీ రెండింతలు దాటింది. దీనికి మీసం ఎందుకు, నలుగురు మనుషులెందుకు? ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ గొంతు కూడా పెంచలేదు.

మీ మామయ్యను అడిగితే ఆ రోజు సాయమే చేశానంటాడు. కోర్టుకెక్కకుండా బావకు ఇంకో మూడేళ్లు గడువిచ్చానంటాడు. ఆయన దగ్గర కూడా ఒక లెక్కల పుస్తకం ఉంది, దాంట్లో బాకీ పడిన మనిషి మీ నాన్న. ఆ పుస్తకాన్ని ఆయన చేతిరాతతో రాయగలిగినప్పుడు మీకు విలన్ దొరికినట్టు. మీ చేతిరాతతో రాస్తే మీసాలే వస్తాయి.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. మాది ఒంగోలు దగ్గర పల్లె, పొగాకు వేసేవాళ్లం. వయసులో ఉండగా ఒక కథ రాశాను. అందులో పొగాకు కొనే ఆయనకు బంగారు పన్ను పెట్టాను, నవ్వినప్పుడల్లా మెరుస్తుంటుందని. మా చిన్నాన్నకు చదివి వినిపిస్తే చుట్ట పక్కన పెట్టి ‘ఒరే, ఆయన మన మొహం చూస్తే గదా మనకి పన్ను కనపడేది’ అన్నాడు. నిజమే. వేలం కేంద్రంలో బేళ్లు వరసగా పెట్టి ఉంటాయి. కొనేవాళ్లు ఆ వరస వెంట నడుచుకుంటూ పోతారు. ఆకు తడిమి చూస్తారు, ధర పాడతారు. ఎవరూ పాడకపోతే ‘నో బిడ్’. అంతే, పక్క బేలు. ఆ బేలును మళ్లీ బండెక్కించి ఇంటికి తెచ్చుకోవాలి, కిరాయి మనదే. ఏడాది కష్టం మీద తీర్పు వచ్చేసరికి మనం తుండు సర్దుకోవడం కూడా పూర్తి కాదు. అలా దాటిపోయిన మనిషికి మన మీద పగేమీ లేదు. సాయంత్రం లాడ్జికి పోయి ఇంటికి ఫోన్ చేసి, పిల్లాడి పరీక్ష ఎలా అయిందని అడుగుతాడు. నా బంగారు పన్ను కథ ఇప్పటికీ ట్రంకు పెట్టెలోనే ఉంది.

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా ఉండే సంగతి. ఉత్తరంలో ఒకచోట, అదీ బ్రాకెట్లో, ‘రెండోసారి పిల్ల వదలొద్దని ఊళ్లో చాలామంది చెప్పారట, మామయ్య కూడా చెప్పాడట, నాన్న వినలేదు’ అని రాశారు. పంపిన ముప్పై అయిదు పేజీల్లో ఈ మాట ఎక్కడా లేదు. నవలలో మీ నాన్న ఒక్క తప్పు కూడా చేయడు. పొద్దున్నే లేచి గట్టు మీద నడుస్తాడు, రొయ్యలతో మాట్లాడతాడు, మోసపోతాడు.

మీ చేయి ఆడకపోవడానికి కారణం ఇక్కడుందని నా అనుమానం. మామయ్యను మనిషిగా రాయాలంటే ఆయన లెక్క వినిపించాలి. ఆయన పుస్తకంలో మొదటి పద్దు ‘వద్దంటే వినలా’ అని ఉంటుంది. మామయ్య ఎక్కడ మంచివాడైపోతాడోనని కాదు మీ భయం, నాన్న పొరపాటు చేసిన మనిషిగా బయటపడతాడని. నేను తప్పుగా ఊహిస్తుంటే క్షమించండి. కానీ పొరపాటు చేయని తండ్రి పక్కన ఎవరిని నిలబెట్టినా వాడికి కొమ్ములే మొలుస్తాయి.

నిజానికి మీ నాన్న పొరపాటు అంత పెద్దదీ కాదు. తెల్లమచ్చ ఎలా వస్తుందో మీరే బాగా రాశారు. పొద్దున, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది, రొయ్యలు నీరసంగా గట్టువారకు చేరుతున్నాయి, వారం తిరక్కుండా గుంట ఖాళీ. ఆ ఏడు కోస్తా పొడవునా అదే గోడు. అది చాలదన్నట్టు 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరానికి 500 మీటర్ల లోపు గుంటలు తీసేయమంది. వైరస్‌ను తిట్టుకోలేం. కోర్టు ఎక్కడో ఢిల్లీలో ఉంది. ఇంట్లో పుట్టిన కోపానికి ఒక మొహం కావాలి కదా. మామయ్య మొహం దగ్గర్లో ఉంది, పండక్కి ఇంటికి కూడా వస్తుంది.

అలాగని ఆయన్ని వదిలేయమని నేను చెప్పను. సొంత అక్క మాగాణిని వడ్డీ కింద రాయించుకున్న మనిషి ఆయన. తప్పు ఏ రోజున జరిగిందో కచ్చితంగా పట్టుకోమంటాను. 1995లో అప్పివ్వడం తప్పా? ఎవరూ ఇవ్వని రోజుల్లో ఇచ్చాడు. మూడు రూపాయలు ఎక్కువే, కానీ అది ఆయన కనిపెట్టిన రేటు కాదు. 1998లో వడ్డీని అసలులో కలపడమా? 2001లో వాయిదాలు వద్దు, పొలమే కావాలనడమా? వీటిలో ఒకచోట ఆయన ముందు ఇంకో దారి ఉంది, ఉందని ఆయనకూ తెలుసు. తెలిసీ అటు పోలేదు. కథ అక్కడ బిగుస్తుంది. నాకైతే 1998 అనిపిస్తోంది, పులుసు వాసన వల్ల కావచ్చు. మీకు వేరేగా తోచవచ్చు.

‘మనిషిని చెయ్యి’ అన్న సలహాతో కూడా జాగ్రత్త. చాలామందికి దానర్థం ఫ్లాష్‌బ్యాక్. చిన్నప్పుడు పస్తులున్నాడు, ఎవరో అవమానించారు, అందుకే ఇలా తయారయ్యాడు. శకుని తండ్రి ఎముకలతో పాచికలు చేయించాడన్న కథ మనందరికీ తెలుసు. భారతంలో వెతికితే దొరకదు, జనం తర్వాత కల్పించుకున్నది. అంత పగ లేకపోతే మేనమామ అంత పని చేస్తాడా అని వాళ్లకు నమ్మబుద్ధి కాలేదు కాబోలు. కథగా బ్రహ్మాండమైనదే. కానీ అలాంటి కారణం ఒకసారి చెప్పాక విలన్ మీద జాలి తప్ప భయం మిగలదు. మీ మామయ్యకు ఎముకలు అక్కర్లేదు. ఆయనకు తువ్వాలు చాలు.

భారతం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. మన నెల్లూరి తిక్కన భారతాన్ని విరాటపర్వంతో ఎత్తుకున్నాడు. అందులో కీచకుడు సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపదిని నిండు సభలో తంతాడు. ఆ సమయంలో కీచకుణ్ని వదిలేసి, చుట్టూ ఉన్నవాళ్లను చూడండి. విరాటరాజు నోరు మెదపడు, రాజ్యం నిలబడింది ఆ బావమరిది బలం మీద. రాణి సుదేష్ణ తోడబుట్టినవాడి బుద్ధి తెలిసీ, మద్యం తెమ్మని ద్రౌపదిని వాడింటికి పంపిన మనిషి. ధర్మరాజు సభలోనే కూర్చుని ఉంటాడు. కోపంతో చెట్టు వంక చూస్తున్న భీముణ్ని, వంటచెరకు కావాలంటే ఇంకెక్కడైనా చూసుకోమంటాడు. తన్నిన కాలు ఒకడిదే. ఆ కాలు లేవడానికి చోటిచ్చినవాళ్లు అంతమంది.

మీ అమ్మగారిని సుదేష్ణతో పోలుస్తున్నానని కోపం తెచ్చుకోవద్దు. మీ నవలలో అమ్మ ఎక్కడా మాట్లాడదు, అది గమనించారా? ఏడుస్తుంది, వండుతుంది, అంతే. పులుసు వండిన రోజు కాగితం సంగతి ఆవిడకు తెలుసా? తెలిస్తే, తమ్ముడు నాలుగు ముద్దలు తిని మెత్తబడతాడని వండిందా? మామయ్య బలమంతా ఆ రోజు ఆ వంటింట్లోనూ, మీ నాన్న మౌనంలోనూ ఉంది. విలన్‌ను ఎంత పెద్దగా రాయాలా అని మీరు కుస్తీ పడుతున్నారు. ఆయన పక్కనున్నవాళ్లను సరిగా రాస్తే ఆయన సైజు దానంతటదే తెలుస్తుంది.

ఇక ఏం చేయొచ్చో చూద్దాం. నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను. ఎంచుకోవాల్సింది మీరే.

కథంతా పన్నెండేళ్ల పిల్ల కళ్లతో చెప్పొచ్చు. మామయ్య మనసులోకి వెళ్లే పని తప్పుతుంది. తల ముక్క తన కంచంలో పడ్డ సంతోషం, నాన్న చేతులు వణకడం, రెండూ ఒకేసారి చూస్తుంది. చదివేవాడికి అన్నీ అర్థమవుతాయి, ఆ పిల్లకు కావు. భయం బాగా పండుతుంది. కాకపోతే వడ్డీ లెక్కలు, కోర్టు తీర్పు, ఊరి రాజకీయం చాలావరకు బయటే ఉండిపోతాయి. మీరు సేకరించిన సమాచారం సగం వాడుకోలేరు. ఆ నష్టానికి సిద్ధపడాలి.

రెండోది కష్టమైనది, నాకు ఇష్టమైనది. మామయ్య గొంతుతో ఒక్క అధ్యాయం రాయండి, అచ్చుకు కాదు, మీ కోసమే. మీ వైపు మాటలోనే రాయండి. ‘ఆ రోజుల్లో బావకి దుడ్లు ఇంకెవరిచ్చుంటారు? గుంటల పేరెత్తితేనే పొమ్మంటా ఉండారు. ఈ ఏడు ఎండబెట్టు బావా అంటే వినలా. అక్క ఏడస్తా వచ్చింది, ఇచ్చినా. ఇయ్యాల నేను చెడ్డోణ్ణి.’ ఇలా పది పేజీలు, మధ్యలో మీరు అడ్డు తగలకుండా. అది రాశాక కొన్నాళ్లు నాన్న మీద కోపం వస్తుంది. రానివ్వండి. ఆ కోపం కూడా నవలకు పనికొస్తుంది. ఒక ప్రమాదం మాత్రం ఉంది. ఆ గొంతు అంత బాగా కుదిరి, మీరే దానికి లొంగిపోయి, ఆయన్ని కడిగిన ముత్యం చేసేయొచ్చు. అప్పుడు 3,74,400 అంకె కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి.

మూడోది, కథ మార్చడం. మామయ్యను నాన్న స్నేహితుణ్ని చేయొచ్చు, రొయ్యల గుంటల బదులు కొండపి వైపు పొగాకు పెట్టొచ్చు. ఇంట్లో గొడవ తగ్గుతుంది. కానీ స్నేహితుడైతే గంప మోయడు, సంక్రాంతి ఉండదు, అమ్మ ఇద్దరి మధ్యా నలగదు. బయటివాడు ముంచితే మోసమంటాం, మర్చిపోతాం. మేనమామ ముంచితే ఆయన పెట్టిన బట్టలు బీరువాలోనే ఉంటాయి. చుట్టరికం తీసేస్తే మీ నవలకు ఉన్న ఒకే ఒక్క బలం పోతుందని నా లెక్క. వృత్తిని మార్చడం అంత నష్టం కాదు, కానీ చెక్ ట్రే గురించి అంత బాగా రాసిన మనిషి పొగాకు కాల్చే బ్యారన్ గురించి మళ్లీ నేర్చుకోవాలి.

మానేయడం కూడా ఒక దారే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కాకపోతే ఈ మామయ్య ఊరుకోడు. మీరు తర్వాత రాసే ప్రతి కథలోకీ ఏదో ఒక బొలెరోలో వస్తూనే ఉంటాడు.

అచ్చు సంగతి ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. రాయడం వేరు, అచ్చేయడం వేరు, మీరు రెండింటినీ ఒకే ముడి వేసి బాధపడుతున్నారు. ఆ రోజు వస్తే మాత్రం పేరు మార్చాం కదా అని ధీమాగా ఉండొద్దు. ఊళ్లో పదిమంది ‘ఇది ఫలానా ఆయనే’ అని గుర్తుపడితే పరువు నష్టం దావా వేసే వీలుంటుంది. ఒక మంచి లాయరుకు చూపించడం నయం. అంతకంటే ముందు అమ్మగారికి చదివి వినిపించండి. అచ్చయ్యాక పక్కింటివాళ్ల ద్వారా తెలియడం కంటే అది మేలు. వద్దంటే ఏం చేస్తారన్నది అప్పటి మాట. ఆవిడ ఏమంటారో మీరు ఇప్పుడే ఊహించేసుకున్నారు, నాకు అంత ధైర్యం లేదు.

ఏ దారి పట్టినా ముందు ఆ భోజనం రాయండి. పది పేజీలు పట్టినా సరే. దాని కోసం మీకు కొన్ని వివరాలు కావాలి. ఉత్తరంలో 1998 అని ఉంది, నెల లేదు. మామిడికాయల రోజులైతే అమ్మగారు పులుసులో ముక్కలు వేసి ఉంటారు. ఆ రోజు ఏ చేప వండారో, ఎవరు తెచ్చారో కూడా మీరు రాయలేదు. బావమరిది వస్తున్నాడని మీ నాన్నే పొద్దున్నే వెళ్లి తెచ్చాడేమో. అమ్మగారికి గుర్తుండే ఉంటుంది, అడగండి.